తగ్గిన బరువు, మిగిలిన చర్మం



బరువు ఎలా తగ్గాలో చెప్పే ప్రసంగాలు మీరు చాలానే విని ఉంటారు. మంతెన సత్యనారాయణరాజు గారి ఉప్పులేని కూరలు తిని తగ్గినవాళ్లున్నారు. వీరమాచనేని రామకృష్ణ గారి డైటు పట్టి తగ్గినవాళ్లున్నారు. పొట్ట సంచీని చిన్నది చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ చేయించుకుని తగ్గినవాళ్లున్నారు. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ ఇంజెక్షన్లు మన దేశంలో అమ్మకానికి వచ్చాయి కాబట్టి ఆ దారిన తగ్గుతున్నవాళ్లూ ఉన్నారు. ఏ దారిన పోయినా సరే, నలభై యాభై కిలోలు తగ్గినవాళ్లలో చాలామందికి చివర్లో ఒక చిక్కు ఎదురవుతుంది. కొవ్వు పోతుంది, దాన్ని ఇన్నేళ్లు మోసిన చర్మం మాత్రం పోదు. పొట్ట మీద, చేతుల కింద, తొడల లోపలివైపు వేలాడుతూ ఉండిపోతుంది. దాన్ని తీయించుకోవడం గురించి, ముఖ్యంగా అందుకయ్యే డబ్బు గురించి ఇవాళ మాట్లాడతాను.

నేను ప్లాస్టిక్ సర్జన్ని. ప్రభుత్వ బోధనాసుపత్రిలో పనిచేసి రిటైరయ్యాను. ప్లాస్టిక్ సర్జరీ అనగానే జనానికి సినిమావాళ్ల ముక్కులు గుర్తుకొస్తాయి. మా వార్డులో మంచాల మీద ఉండేది మాత్రం ఒళ్లు కాలినవాళ్లు, యంత్రంలో చెయ్యి నలిగినవాళ్లు, గ్రహణం మొర్రి పిల్లలు. వాళ్ల మధ్య వేలాడే పొట్టతో వచ్చిన మనిషి, తానేదో రాకూడని చోటికి వచ్చినట్టు ముడుచుకుని కూర్చునేవాడు. ముందు ఆ సిగ్గు పోవాలి. ఎందుకంటే ఈ విషయంలో ఖర్చుని పెంచేది కూడా చాలావరకు ఆ సిగ్గే. ఎలాగో చెబుతాను.

చర్మంలో కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే పోగులుంటాయి. ఏళ్ల తరబడి సాగదీసి ఉంచితే అవి దెబ్బతింటాయి. పాత లాగు ఎలాస్టిక్కులాగా, బిగువు ఒకసారి పోయాక మళ్లీ రాదు. ఎన్ని కిలోలు తగ్గారు, ఎన్నేళ్లు ఆ బరువు మోశారు, వయసెంత, సిగరెట్ అలవాటు ఉందా అన్నదాన్ని బట్టి ఒకరికి కొంచెం, ఒకరికి ఎక్కువ. ఇరవై ఐదేళ్ల కుర్రాడికి పదిహేను కిలోలు తగ్గితే చర్మం చాలావరకు సర్దుకుంటుంది. యాభై ఏళ్ల మనిషికి యాభై కిలోలు తగ్గితే సర్దుకోదు. వ్యాయామం కండని పెంచుతుందేగాని మిగిలిన చర్మాన్ని కత్తిరించదు. బిగుతు చేస్తామని క్రీములు అమ్ముతారు, మసాజులు చేస్తారు, ఏవో మెషీన్లు పెట్టి సిట్టింగులంటారు. కొద్దిపాటి వదులుకి మెషీన్లు కొంత పనిచేస్తాయేమోగాని, తొడల మీదికి జారిన పొట్టకి అవి చేసేదేమీ లేదు. ఆ డబ్బు మిగుల్చుకోండి, తరవాత పనికొస్తుంది.

కరీంనగర్ జిల్లా నుంచి ఒకామె వచ్చేది. బీడీలు చుట్టే మనిషి. 112 కిలోలుండేదట. షుగరు డాక్టరు మాట విని, అన్నం తగ్గించి, నడిచి, రెండేళ్లలో 68కి వచ్చింది. అంత పట్టుదల నాకు లేదని ఆమెతోనే అన్నాను. ఆమె బాధ ఏమిటంటే, బీడీలు చుట్టేవాళ్లు చాటని ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. "కూసుంటె చాట ఒళ్లె నిలుస్తలేదు సారూ, పొట్టే చాటల పడుతున్నది" అంది. నవ్వుతూనే అంది. పరీక్ష చేద్దామని పొట్ట మడత పైకెత్తితే, అడుగున మడతపెట్టిన పాత చీర పేలిక ఉంది. పొద్దున పెట్టిన పేలిక మధ్యాహ్నానికి తడిసిపోతుంది, మార్చుకోవాలి. లంగా నాడా సరిగ్గా ఆ మడత కిందే ఒత్తుకుంటుంది కాబట్టి దాన్ని రొమ్ముల కిందికి, పైకెత్తి కట్టుకునేది. మడత లోపల చర్మం ఎర్రగా ఒరుసుకుపోయి, రెండు చోట్ల చిట్లి ఉంది. వాసన వస్తుందని పెళ్లిళ్లకి పోవడం మానేసింది.

ఇది అందం సంగతి కాదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. చర్మం మీద చర్మం పడి, చెమట ఆరక, రాపిడికి ఒరిసి, అందులో ఫంగస్ చేరుతుంది. డాక్టర్లు దీన్ని ఇంటర్‌ట్రైగో అంటారు. షుగరున్నవాళ్లకి మరీ మొండిగా ఉంటుంది. మన ఎండలకి, ఉక్కకి ఇక చెప్పేదేముంది. దీనికి మొదటి వైద్యం చవకైనదే. రోజూ కడిగి, మెత్తటి బట్టతో అద్ది, పూర్తిగా ఆరబెట్టడం, మడతలో పొడి నూలుబట్ట ఉంచడం, క్లోట్రిమజోల్ వంటి ఫంగస్ మందు డాక్టరు చెప్పినన్నాళ్లు రాయడం, షుగరుని అదుపులో పెట్టడం. కొందరికి దీంతోనే సరిపోతుంది, కత్తిదాకా పోనక్కర్లేదు. సరిపోనివాళ్లకి, నెలల తరబడి మందు వాడినా మళ్లీ మళ్లీ తిరగబెట్టేవాళ్లకి ఆపరేషనే దారి.

డబ్బు విషయమంతా ఇక్కడే తేలుతుంది. ఆ ఒరుపుడు వచ్చిన ప్రతిసారీ మీరు డాక్టరు దగ్గరికి వెళ్లారా, మెడికల్ షాపులో ట్యూబు కొనుక్కుని ఊరుకున్నారా అన్నది ముఖ్యం. నేను చెప్పిన బీడీ కార్మికురాలు ప్రతిసారీ వాళ్ల కార్మికుల డిస్పెన్సరీకి వెళ్లింది. అక్కడి డాక్టరు తేదీ వేసి, ఎక్కడ పుండు పడిందో, ఏ మందిచ్చాడో చీటీ మీద రాసేవాడు. ఆ చీటీలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రబ్బరు బ్యాండేసి తెచ్చింది. ఆ కవరు చూశాక ఇది రోగమా, సోకా అని మా యూనిట్లో ఎవరూ అడగలేదు. ఆపరేషన్ లిస్టులో పేరు ఎక్కింది. ప్రభుత్వాసుపత్రి కాబట్టి ఆపరేషన్‌కి ఆమె రూపాయి కట్టలేదు.

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒకాయనది ఇందుకు తలకిందులు. చేతినిండా ఇన్సూరెన్సు, చేతిలో ఒక్క కాగితం లేదు. రెండేళ్లుగా పౌడరు, ఆయింట్‌మెంటు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నాడు. డాక్టరు ముందు చొక్కా విప్పడానికి మొహమాటం. ఆసుపత్రివాళ్లు క్యాష్‌లెస్‌కి పంపితే, కాస్మెటిక్ అని ఒక్క ముక్క రాసి కంపెనీ తిప్పికొట్టింది.

ఆ తిప్పికొట్టడానికి ఆధారమైన షరతు ఏమిటో తెలుసుకోండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో, పాలసీల్లో ఇవ్వని వాటికి ఒకే రకమైన మాటలు ఉండాలని ఖరారు చేసింది. మీ పాలసీ కాగితాల్లో ఎక్స్‌క్లూజన్ 08 అని ఉంటుంది, వెతకండి. దాని సారాంశం ఇది. రూపు మార్చుకోవడానికి చేసే కాస్మెటిక్ లేదా ప్లాస్టిక్ సర్జరీకి డబ్బివ్వరు. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తరవాత చేసే మరమ్మతు అయితే ఇస్తారు. వీటితోపాటు ఇంకొక మినహాయింపు ఉంది, జనం చదవనిది అదే. ఆరోగ్యానికి నేరుగా, తక్షణంగా ఉన్న ముప్పుని తొలగించే వైద్యంలో భాగమైతే ఇవ్వవచ్చు, అలా అవసరమని వైద్యం చేసే డాక్టరు ధ్రువీకరించాలి. మీ తలుపు ఆ ఒక్క వాక్యమే. అది పెద్ద తలుపేమీ కాదు, నిజమే. తక్షణ ముప్పు అనే మాట మీద కంపెనీ పేచీ పెడుతుంది. అందుకే చీటీలు కావాలి. ఫలానా నెలలో ఫంగస్, ఫలానా నెలలో చీము పట్టి యాంటీబయాటిక్, మూడు నెలలు చర్మవ్యాధుల డాక్టరు వైద్యం చేసినా తగ్గలేదు, మడత పైకెత్తి తీసిన ఫొటోలు ఇవిగో అని పెడితే మాట వేరు.

ఆ సాఫ్ట్‌వేర్ ఆయన చివరికి అదే చేశాడు. చర్మవ్యాధుల నిపుణుడి దగ్గర వైద్యం చేయించుకుని, రికార్డు తయారయ్యాక సొంత డబ్బుతో ఆపరేషన్ చేయించుకుని, రీయింబర్స్‌మెంటుకి పెట్టాడు. మళ్లీ తిరస్కరించారు. కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాశాడు, నెల దాటినా కదలలేదు. అప్పుడు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లాడు. ఆంధ్రప్రదేశ్‌కి, తెలంగాణకి కలిపి ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. ఆయనకి పొట్ట భాగానికి డబ్బొచ్చింది. అదే ఆపరేషన్‌లో ఛాతీకి కూడా చేయించుకున్నాడు, దానికి రాలేదు. ఛాతీ గురించి కాగితాల్లో ఎక్కడా రాసి లేదు మరి.

పొట్టకి చేసే ఆపరేషన్లు రెండు రకాలు. వేలాడే మడతని మాత్రం కోసి తీసేసి కుట్టేది పానిక్యులెక్టమీ. చర్మం తీయడమే కాక, లోపలి కండరాలని దగ్గరికి లాగి బిగించి, బొడ్డుని కొత్తచోట అమర్చేది అబ్డామినోప్లాస్టీ, మన వీధి భాషలో టమ్మీ టక్. మొదటిదాన్ని రోగానికి వైద్యంగా చూపించవచ్చు. రెండోదాన్ని కాస్మెటిక్ లెక్కలో వేస్తారు. డాక్టరు రాసే చీటీలో ఏ పేరుందో చూసుకోండి. మీకు కావలసింది ఏదో కూడా ముందే తేల్చుకోండి. ఒరుపుడు, పుండ్లు పోతే చాలనుకుంటే మొదటిది సరిపోతుంది. సన్నటి నడుము ఆశిస్తే అది ఇవ్వదు.

పన్ను సంగతి చాలామందికి బిల్లు చేతికొచ్చాకే తెలుస్తుంది. వైద్యానికి జీఎస్టీ లేదనుకుంటాం. కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీకి ఆ మినహాయింపు వర్తించదు. పుట్టుకతో వచ్చిన లోపాన్నో, ఎదుగుదల లోపాన్నో, గాయంతో చెడిన అవయవాన్నో బాగుచేసేదైతేనే మినహాయింపు. అంటే 18 శాతం పడవచ్చు. రెండు లక్షల బిల్లు మీద 36 వేలు. కొటేషన్ తీసుకునేటప్పుడే పన్నుతో కలిపి ఎంతో రాయించుకోండి.

ప్రభుత్వ పథకాల మాటకొస్తే, నిజం చెప్పాలి. ఆయుష్మాన్ భారత్ నిబంధనల్లో కాస్మెటిక్ చికిత్సలని బయట పెట్టారు. ఆరోగ్యశ్రీ అయినా, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ అయినా వేలాడే చర్మానికని నేరుగా డబ్బొస్తుందని ఆశపడి ఊరి నుంచి బయల్దేరకండి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు, వాళ్లని ముందు అడగండి. అయితే ఒక సంగతి. పాత సిజేరియన్ కోతల దగ్గర, పొట్ట తెరిచి చేసిన ఆపరేషన్ల దగ్గర చాలామందికి హెర్నియా ఉంటుంది. లావుగా ఉన్నప్పుడు అది కనిపించదు, తగ్గాక బయటపడుతుంది. హెర్నియాకి పథకాల్లోనూ, ఇన్సూరెన్సుల్లోనూ చోటుంది. ఇన్సూరెన్సులో మామూలుగా రెండేళ్ల నిరీక్షణ ఉంటుందనుకోండి. హెర్నియా కుట్టేటప్పుడే వేలాడే మడతని కూడా తీయడం సర్జన్ల చేతిలో పనే, కాకపోతే గాయం చీము పట్టే అవకాశం పెరుగుతుంది. చేయాలా వద్దా అన్నది సర్జన్ చెప్పాలి. లేని హెర్నియాని కాగితం మీద పుట్టిస్తామనే మధ్యవర్తులు కూడా తగులుతారు. వాళ్ల జోలికి పోకండి. అది పట్టుబడితే పాలసీ మొత్తం పోతుంది.

కాబట్టి డబ్బు లేనివాళ్లకి నేను చూపించే మొదటి గుమ్మం ప్లాస్టిక్ సర్జరీ విభాగమున్న బోధనాసుపత్రి. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ ఉన్నాయి. నిమ్స్‌లో డబ్బు కట్టాలి, బయట ఆసుపత్రులతో పోలిస్తే తక్కువ. విశాఖలో కేజీహెచ్, గుంటూరులో జీజీహెచ్ ఉన్నాయి. ఈఎస్‌ఐ కార్డున్నవాళ్లు, అంటే నెలకి 21 వేలలోపు జీతమున్న కార్మికులు, తమ డిస్పెన్సరీ నుంచి రిఫరల్ రాయించుకోవచ్చు. ఎక్కడికెళ్లినా నిరీక్షణ తప్పదు. కాలిన మనిషి వస్తే మీ తేదీ వెనక్కి పోతుంది. పోవాలి కూడా. మా బీడీ ఆమె తేదీ రెండుసార్లు వాయిదా పడింది. రెండోసారి ఆమే అంది, "పాపం, ఆ పిలగానికి చెయ్యుండ్రి సారూ, నేనేమన్న సచ్చిపోతున్ననా" అని.

ఇంకో దేశం సంగతి చెప్పనా. బ్రెజిల్‌లో ఇవో పిటాంగీ అనే సర్జన్ ఉండేవాడు. ధనవంతులకి ముఖాలు సరిచేసి పేరు తెచ్చుకున్నాడు. రియోలోని సాంటా కాసా ధర్మాసుపత్రిలో పేదలకోసం ప్లాస్టిక్ సర్జరీ వార్డు నడిపి, అక్కడే వందలమంది సర్జన్లకి పని నేర్పాడు.  ఆ దేశపు ఉన్నత న్యాయస్థానం 2023 సెప్టెంబరులో, బేరియాట్రిక్ తరవాత డాక్టరు అవసరమని చెప్పిన చర్మం ఆపరేషన్లకి ఆరోగ్య బీమా కంపెనీలు డబ్బివ్వాల్సిందేనని తేల్చింది. లావు తగ్గించే వైద్యం అక్కడితో ముగియలేదని, మిగిలిన చర్మం కూడా అదే జబ్బులో భాగమని ఆ తీర్పు వెనకున్న ఆలోచన. మన దగ్గర బేరియాట్రిక్ ఆపరేషన్‌కి షరతులతో బీమా ఇస్తారు. బీఎంఐ 40 దాటితే, లేదా 35 దాటి షుగరు, గుండెజబ్బు వంటివి ఉంటే. దాని పర్యవసానానికి మాత్రం సులువుగా ఇవ్వరు. సగం బట్ట కుట్టి పంపినట్టుంది వ్యవహారం.

ఇంగ్లండ్ కూడా ఏమంత గొప్పగా లేదు. పాల్ మేసన్ అనే అతను ఒకప్పుడు 440 కిలోల పైన ఉండేవాడు. 2010లో ప్రభుత్వ ఖర్చుతోనే గ్యాస్ట్రిక్ బైపాస్ చేశారు. దాదాపు 300 కిలోలు తగ్గాడు. చర్మం దగ్గరికొచ్చేసరికి, రెండేళ్లు బరువు నిలకడగా ఉంటేగాని చేయమన్నారు. అతని కథ పేపర్లో చదివిన న్యూయార్క్ సర్జన్ జెన్నిఫర్ కాప్లా ఉచితంగా చేస్తానని ముందుకొచ్చింది, 2015లో చేసింది. పేపర్లో పడనివాళ్ల గతేమిటని అడక్కండి.

ఇక ప్రైవేటు. హైదరాబాద్‌లో పొట్ట ఒక్కదానికే లక్షన్నర నుంచి మూడు లక్షల దాకా అడుగుతారు, పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఇంకా పైన. ఫోన్లో చెప్పే ప్యాకేజీ ధరకి, డిశ్చార్జి నాటి బిల్లుకి పొంతన ఉండదు. సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటర్, గది, గాయంలో చేరే నీటిని బయటికి తీసే డ్రెయిన్లు, ఒంటికి బిగించే బెల్టు, ఆ తరవాతి డ్రెస్సింగులు, అన్నీ ఉన్నాయో లేదో విడివిడిగా రాయించుకోండి. కుట్లు విచ్చుకుంటే, నీరు చేరితే మళ్లీ చేసినందుకు ఎవరు కట్టాలో కూడా రాయించుకోండి. ఈ ప్రశ్నకి మొహం చిట్లించే చోట చేయించుకోవద్దు. నో కాస్ట్ ఈఎంఐ అంటారు. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకి చెప్పింది. ఆ వడ్డీ ప్రాసెసింగ్ ఫీజులోనో, మీకు రాకుండా పోయిన డిస్కౌంటులోనో కూర్చుని ఉంటుంది.

ఖర్చు తగ్గించుకోవడానికి నిజమైన మార్గం, ఒంటినంతా బాగుచేయించుకోవాలని చూడకుండా, ఎక్కువ బాధపెట్టే ఒక్కచోటుతో మొదలుపెట్టడం. అన్నీ ఒకేసారి చేస్తే మత్తు ఖర్చు కలిసొస్తుందని కొందరు ఊరిస్తారు. గంటల తరబడి టేబుల్ మీద ఉంటే కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి, అది ఊపిరితిత్తులకి చేరే ప్రమాదం పెరుగుతుంది. ప్రాణం మీదికొచ్చేది అదే. ఎవరు చేస్తున్నారో కూడా చూసుకోండి. బ్యూటీ క్లినిక్ బోర్డు మీద కాస్మెటాలజిస్ట్ అని ఉంటే అది ప్లాస్టిక్ సర్జన్ అర్హత కాదు. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గాని డీఎన్‌బీ గాని ఉండాలి, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో పేరుండాలి. ఐసీయూ లేని చోట ఇంత పెద్ద కోత పెట్టించుకోకండి. చవకదనం అక్కడ వెతక్కూడదు.

తొందరా పనికిరాదు. బేరియాట్రిక్ అయినవాళ్లు ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి. ఎలా తగ్గినా బరువు కనీసం ఆరు నెలలు ఒకేచోట నిలబడాలి. మళ్లీ తగ్గితే చర్మం మళ్లీ వదులవుతుంది, పెరిగితే కుట్టు సాగుతుంది. ఇంకా పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు కాన్పుల తరవాత చేయించుకోవడం మేలు. ఈ ఆగే కాలంలో ప్రొటీను మీద దృష్టి పెట్టండి. పొట్ట సంచీ చిన్నదయినవాళ్లకి రక్తహీనత, బీ12, ఐరన్, విటమిన్ డీ లోపాలు మామూలు. రక్తం తక్కువగా ఉన్న ఒంటి మీద పొడవాటి కోత మానదు. గుడ్లు, పప్పు, పెరుగు, చేపలు, ఏదైనా సరే, రోజుకి 60 గ్రాముల ప్రొటీనుకి తగ్గకూడదు. సిగరెట్, చుట్ట, గుట్కా కనీసం నాలుగు వారాల ముందు ఆపాలి. ఆపానని అబద్ధం చెప్పినవాళ్ల కోత అంచులు నల్లబడి చెబుతాయి. బరువు ఇంజెక్షన్ వాడుతుంటే మత్తు డాక్టరుకి ముందే చెప్పండి. దానివల్ల కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది, మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

అమెరికా నుంచి ఇక్కడ చవకని వచ్చే మనవాళ్లు చాలామంది మూడు వారాల సెలవులో ఆపరేషన్, పెళ్లి, తిరుపతి అన్నీ కుదించుకుంటారు. సుదీర్ఘ విమాన ప్రయాణం, పెద్ద ఆపరేషన్, రెండూ రక్తం గడ్డకట్టడానికి కారణాలే. డ్రెయిన్లు తీసి, సర్జన్ సరేనన్నాకే టికెట్ తీసుకోండి. అక్కడికెళ్లాక నీరు చేరితే చూసే డాక్టరెవరో కూడా ముందే మాట్లాడుకోండి.

ఏ బిల్లులోనూ కనిపించని ఖర్చు ఒకటుంది. మొదటి వారం నడుం వంచుకునే నడవాలి, నిటారుగా నిలబడితే కుట్టు లాగుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు బరువులెత్తకూడదు. బిందె ఎత్తకూడదు, పిల్లాణ్ణి ఎత్తకూడదు. రోజుకూలీ మీద బతికే మనిషికి అది నెలన్నర కూలీ. మా బీడీ ఆమె ఆ నెలన్నరకి ముందే లెక్కేసుకుని, చెల్లెల్ని ఇంటికి పిలిపించుకుంది. వర్షాలకి ముందు, తునికాకు పని ముగిశాక తేదీ ఇమ్మని అడిగింది. ఆమెకి తీసిన చర్మం, దాంతో ఉన్న కొవ్వు కలిపి ఐదు కిలోల పైచిలుకు తూగింది. నడుం ఒక చివర నుంచి ఇంకో చివరకి మచ్చ ఉండిపోతుందని చెబితే, లంగా కింద ఎవడు చూస్తాడు సారూ అంది. చేతులకి చేయిస్తే మాత్రం మచ్చ జబ్బ లోపలివైపు పొడుగునా కనిపిస్తుంది. అందుకే చేతుల్ని ఆఖరికి పెట్టుకోమంటాను నేను. చాలామంది అక్కడిదాకా వచ్చాక, పూర్తి చేతుల రవిక కుట్టించుకుంటాం లెండి అని ఊరుకుంటారు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పాత చీటీలన్నీ, నెలనెలా బరువు రాసుకున్న కాగితం, వాడుతున్న మందుల డబ్బాలు పట్టుకెళ్లండి. చీటీలు లేనివాళ్లు ఈ వారమే దగ్గర్లోని పీహెచ్‌సీకి వెళ్లి, ఆ మడత ఎత్తి డాక్టరుకి చూపించండి. తేదీ వేసి రాయమనండి.